దాపరికాల మీద పరిశోధన ఎలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. హనుమకొండలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. భార్యాభర్తలు డబ్బు విషయంలో ఒకరి దగ్గర ఒకరు దాచే సంగతుల మీద ప్రాజెక్టు చేయాలనుంది. అప్పు చేసి చెప్పకపోవడం, నగ తాకట్టు పెట్టడం, జీతం తక్కువ చేసి చెప్పడం లాంటివి. 200 మందితో ప్రశ్నావళి నింపిస్తే చాలంటున్నారు ఫ్రెండ్స్. ఇంట్లోవాళ్లకే చెప్పనివాళ్లు నా ఫారంలో నిజం రాస్తారా అని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం సబబే. ఎంతమంది దాస్తున్నారన్నది మీకు కావాలా, ఎందుకు, ఎలా దాస్తున్నారన్నది కావాలా? మీ ఉత్తరం చూస్తే రెండోదే అనిపిస్తోంది. అలాగైతే ప్రశ్నావళి వద్దు. నగ తాకట్టు పెట్టానని టిక్కు పెట్టినావిడ ఆ డబ్బు తమ్ముడి ఫీజుకు పంపిందో, చీటీ వాయిదా కట్టిందో ఫారం చెప్పదు. నగ విడిపించేదాకా పెళ్లిళ్లకూ పేరంటాలకూ అది ఎందుకు పెట్టుకోలేదని భర్త అడిగితే ఏం చెప్పి నెట్టుకొచ్చిందో అసలే చెప్పదు. మీ పరిశోధనకు ప్రాణం అక్కడుంది.

లెక్కే కావాలంటే 1965లో వార్నర్ అనే గణాంక పరిశోధకుడు చూపించిన దారి ఉంది. అందులోంచి వచ్చిన ఒక తేలిక పద్ధతిలో, మీకు కనబడకుండా నాణెం ఎగరేయమంటారు. బొమ్మ పడితే ‘అవును’ అనేయాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఎవరి ‘అవును’ నిజమైనదో మీకు తెలియదు, సుమారు సగం మందికి బొమ్మ పడి ఉంటుందని తీసేసి మొత్తం మీద అంచనా మాత్రం కట్టొచ్చు. దీనికి చాలామంది కావాలి, 200 చాలదు.

డైరీ పద్ధతి కూడా మంచిదే. 1996లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బెల్లా డిపాలో బృందం 77 మంది విద్యార్థులతో, బయటి నుంచి తీసుకున్న మరో 70 మందితో వారం పాటు తమ అబద్ధాలను రాయించింది. విద్యార్థులు సగటున రోజుకు రెండు, మిగతావాళ్లు ఒకటి చెప్పినట్టు తేలింది. ఏ రోజుది ఆ రోజే రాస్తారు కాబట్టి మరచిపోయే గొడవ తక్కువ. కానీ మీ అంశానికి ఈ పద్ధతి పనికొస్తుందంటే నేను ఒప్పుకోను. ఆ పుస్తకం భర్త చేతికి చిక్కితే?

అందుకే 15, 20 మందితో విడివిడిగా, తీరిగ్గా మాట్లాడండి. ఆడవాళ్లకే పరిమితం కండి. అప్పుల సంగతి మగవాళ్లు మీ వయసు అమ్మాయితో విప్పి చెప్పడం కష్టం. ఇంటికి వెళితే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంటారు, ఆవిడను లేచి వెళ్లమనలేం. కుట్టు సెంటరో, పనిచేసే చోటో నయం. ‘మీరు అబద్ధం చెబుతారా’ అనకండి. ఇంటి ఖర్చులు ఎవరు చూస్తారని మొదలుపెడితే మిగతాది వాళ్లే చెబుతారు.

ఒక ఇంటి నుంచి ఒక్కరినే తీసుకోండి. ఇద్దరినీ అడిగి సరిపోల్చాలని మనసు లాగుతుంది, కానీ మీ ప్రశ్న తీరును బట్టే రెండో మనిషి సంగతి పసిగట్టేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా గృహహింస ప్రశ్నలు ఇంటికి ఒక్క మహిళనే, అదీ ఏకాంతం దొరికితేనే అడుగుతారు.

నోట్సులో పేర్లు, ఊళ్లు వద్దు, కోడ్ నంబర్లు వేసుకోండి. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. మాటల్లో కొట్టడం, బెదిరించడం లాంటివి బయటపడితే ఇంటర్వ్యూ అక్కడికక్కడే ఆపేసి, ముందు ఆవిడకు 181 మహిళా హెల్ప్‌లైన్ సంగతి చెప్పండి.