కారు కింద పడిన కుక్కకు లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: మా కాలనీలో నెమ్మదిగా కారు నడుపుతుండగా, తెరిచి ఉన్న గేటులోంచి ఒక లాబ్రడార్ పరుగెత్తుకొచ్చి చక్రం కింద పడింది. కాలు విరిగింది, ఆపరేషన్ చేశారు, బతికింది. యజమాని నా కారు తాళాలు లాక్కుని, ‘ఖర్చంతా నాదే’ అని కాగితం రాయించుకున్నారు. ఇప్పుడు లక్షన్నర ఇవ్వకపోతే క్రిమినల్ కేసు పెడతానంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కేసు పెడతానన్న బెదిరింపుకు భయపడకండి. జంతువును గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరమే, అయితే కావాలనో, హాని జరుగుతుందని తెలిసో చేసినప్పుడే. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు వర్తించే 281వ సెక్షన్ మనుషులకు కలిగే అపాయం గురించినది. ముంబైలో బైకు తగిలి వీధికుక్క చనిపోతే, బైకు నడిపిన యువకుడిపై పోలీసులు పెట్టిన కేసును 2022లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. పైగా ఆ యువకుడికి 20,000 రూపాయలు చెల్లించాలని, ఆ సొమ్మును బాధ్యులైన పోలీసుల నుంచి రాబట్టాలని ఆదేశించింది.

నష్టపరిహారం సంగతి వేరు. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క యజమాని ఆస్తి. మీ నిర్లక్ష్యం వల్లే దెబ్బ తగిలిందని ఆయన రుజువు చేయాలి. గొలుసు లేకుండా, గేటు తీసి వదిలేసిన తప్పు కూడా లెక్కలోకి వస్తుంది, ఆ మేరకు మొత్తం తగ్గుతుంది. ఆయన బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ కోర్టు ప్రధానంగా చూసేది ఆసుపత్రి బిల్లులనే. అందుకే ఆ లక్షన్నరలో వైద్యానికి అయినదెంతో రసీదులతో సహా చూపమనండి.

ఇక ఆ కాగితం. తాళాలు లాక్కుని బలవంతంగా రాయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మీకిస్తుంది. ఏ పరిస్థితిలో సంతకం పెట్టారో వివరిస్తూ, దానికి కట్టుబడనని రిజిస్టర్డ్ పోస్టులో వెంటనే తెలియజేయండి. అప్పుడు అక్కడున్నవారి పేర్లు రాసి పెట్టుకోండి. సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే తీసుకోండి.

చాలామంది మరిచిపోయేది బీమా. థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టం కూడా ఉంటుంది. ప్రైవేటు కారుకు సాధారణంగా 7.5 లక్షల దాకా. ప్రీమియం తగ్గుతుందని 6,000 రూపాయల పరిమితి ఎంచుకున్నారేమో పాలసీలో చూసుకోండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బు ఇస్తానన్నా క్లెయిము తిరస్కరించే వీలుంది. కాబట్టి ఆ కాగితం సంగతి దాచకుండా ఈ రోజే వారికి తెలియజేయండి.

కాలనీలో రోజూ ఎదురుపడే మనుషులు కదా, కోర్టు దాకా వెళ్లకపోవడమే నయం. వైద్యం ఖర్చులో కొంత భరిస్తానని మీకు అనిపిస్తే, బీమా కంపెనీకి చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. కేసు వేయకముందే వివాదాన్ని లోక్ అదాలత్‌కు పంపుతారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలుకు వీల్లేదు కనుక ఆయన మళ్లీ కొత్త లెక్కతో మీ ఇంటికి రాలేరు.