మనిషి ఊళ్ళో లేకపోయినా అద్దె అడగొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో పై గదిని ఏడాది క్రితం ఉద్యోగం చేసుకునే ఒక అబ్బాయికి అద్దెకిచ్చాను. నేను ఒక్కదాన్నే ఉంటాను. భోజనం, కరెంటు అన్నీ కలిపి నెలకింత అని నోటిమాటగా అనుకున్నాం, కాగితం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు ఆఫీసు ట్రైనింగ్ అని 2 నెలలు వేరే ఊరు వెళ్తున్నాడు. సామానంతా గదిలోనే ఉంచుతాడట. "లేని రోజులకు కూడా అద్దె ఎందుకాంటీ?" అని అడిగాడు. ఆ డబ్బు లేకపోతే నాకు నెల గడవదు. గట్టిగా అడిగితే గది ఖాళీ చేసేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. మంచివాడు, ఏ నెలా అద్దె ఆలస్యం చేయలేదు. అడగడం తప్పంటారా? ఎలాగూ గది ఖాళీయే కాబట్టి, మా చెల్లెలి కూతురు పరీక్షలకు వస్తే 10 రోజులు అందులో ఉంచుదామని కూడా అనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: అడగడం తప్పు కాదమ్మా. నెల అద్దె అనుకున్నాక అది అతను పడుకున్న రాత్రులను బట్టి మారదు. గదిని ఇంకొకరికి ఇవ్వకుండా అతని కోసం అట్టిపెడుతున్నారు, ఆ డబ్బు అందుకు. సామాను మీ ఇంట్లో ఉంచి వెళ్తున్నాడంటే తిరిగొచ్చేసరికి గది తనకే ఉండాలని అతనికీ ఉంది కదా.

కానీ మీరు తీసుకునేది ఒక్క గది అద్దే కాదు, అందులో భోజనం కూడా ఉంది. వండిపెట్టని భోజనానికి డబ్బు తీసుకోకండి. మీ నెల మొత్తం 100 పాళ్ళు అనుకుంటే గదికి ఎంత, వంటకు ఎంత, కరెంటుకు ఎంత పోతోందో ఓసారి కాగితం మీద వేసి చూడండి. గదికి 60, భోజనానికి 30, కరెంటూ నీళ్ళూ కలిపి 10 అని తేలిందనుకోండి, అతను లేని నెలకు 60 అడగండి. కరెంటు బిల్లులో వాడినా వాడకపోయినా పడే స్థిర చార్జీ ఉంటే అందులో అతని వాటా మాత్రం కలుపుకోవచ్చు. రెండు రోజులు ఊరెళ్ళొస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, సరుకులు అప్పటికే కొనేసి ఉంటారు. వారం దాటితే, అదీ ముందే చెబితే, భోజనం డబ్బు తగ్గించడం న్యాయం.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆఖరి వాక్యం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒకరింట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఒకసారి 40 రోజులు ఊళ్ళో లేను, అయినా అద్దె మొత్తం ముందే కట్టి వెళ్ళాను. తిరిగొచ్చి తలుపు తీస్తే గది శుభ్రంగా ఉంది, నేను వదిలి వెళ్ళినదానికన్నా శుభ్రంగా. మంచం కింది నా ట్రంకు పెట్టె గోడవారకు జరిగి ఉంది, ఈడ్చిన గీత నేల మీద తెల్లగా కనిపిస్తోంది. దిండు ఎత్తితే ఒక చిన్నపిల్ల జడ క్లిప్పు. ఇంటావిడను అడిగితే "మావాళ్ళు నాలుగు రోజులున్నారు, నీ వస్తువులేవీ ముట్టుకోలేదులే" అంది. నిజంగానే ఏదీ పోలేదు. కానీ ఆ రాత్రి ఆ దుప్పటి కప్పుకోలేకపోయాను. రెండు నెలలకు గది మారాను. ఇన్నేళ్ళయినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ క్లిప్పే.

అందుకే చెబుతున్నాను, అద్దె తీసుకుంటే ఆ గది అతనిది. మీ అమ్మాయిని అందులో పడుకోబెట్టకండి. పడుకోబెట్టక తప్పదంటే ముందే అతనితో చెప్పండి. ఒప్పుకుంటే అతని వస్తువులు అతని చేతనే బీరువాలో పెట్టించి తాళం వేయించండి, ఆ 10 రోజుల అద్దె తగ్గించండి. ఇష్టం లేదంటే అక్కడితో వదిలేయండి. అద్దె కూడా తీసుకుని గదీ వాడుకోవడం మాత్రం వద్దు.

ఇక మధ్యేమార్గం ఒకటుంది. విద్యార్థులకు గదులిచ్చే కొన్నిచోట్ల పొడవు సెలవుల్లో సగం అద్దె తీసుకుని గది అట్టిపెడతారు. 60 పాళ్ళు కూడా అతనికి బరువనిపిస్తే, ట్రైనింగ్‌లో ఉండేచోట అతనే బస ఖర్చు పెట్టుకోవాల్సి వస్తే, మీరు గది అద్దెలో సగం వరకూ దిగొచ్చు. గది పూర్తిగా ఖాళీ అయితే మళ్ళీ మనిషి దొరకడానికి నెలో రెండు నెలలో పట్టవచ్చు. వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియదు. ఏనాడూ ఆలస్యం చేయని మనిషి కోసం ఆ కాస్త వదులుకోవడం నష్టమని నేననుకోను. అలాగని మీ నెల గడవకుండా వదులుకోనూ వద్దు. ఎంత తగ్గితే తట్టుకోగలరో చూసుకున్నాకే నోరు తెరవండి.

ఒక్క మాట. తిరిగొచ్చాక అడ్వాన్సులోంచి కోసుకుందాంలే అని మాత్రం ఊరుకోకండి. అడగకుండా అందులో చెయ్యి పెడితే ఏడాదిగా ఉన్న నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

అతను బ్యాగు సర్దుకోకముందే కూర్చోబెట్టి మాట్లాడండి. "బాబూ, భోజనం డబ్బు తీసేస్తున్నాను, గది నీకోసం అలాగే ఉంటుంది, దానికింత" అని సూటిగా చెప్పండి. అనుకున్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఎన్నో తారీఖు నుంచి ఎన్నో తారీఖు దాకా, ఎంత, ట్రైనింగ్ పొడిగిస్తే ఏం చేయాలి, గదిలోకి ఎవరైనా వెళ్ళొచ్చా అన్నవన్నీ అందులో ఉండాలి. నీళ్ళు కారినా, షార్ట్ సర్క్యూట్ అయినా తలుపు తీయక తప్పదు కాబట్టి, అలాంటప్పుడు ముందు ఫోన్ చేసి తీస్తానని కూడా రాయండి. గదికి వేరే మీటరుంటే రీడింగ్ ఇద్దరూ కలిసి చూసి ఫొటో తీసుకోండి. మీ అమ్మాయి సంగతి కూడా అప్పుడే అడిగేయండి.