టెక్ సందేహాలు: లెక్కలో 1810, ల్యాబ్‌లో 1690

ప్రశ్న: హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఆస్పిరిన్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్‌ను ల్యాబ్‌లో కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడితో నొక్కి చేసిన పెల్లెట్‌తో తీశాను. అదే అణువును నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో క్వాంటం కెమిస్ట్రీ లెక్కలు చేసే ఓర్కా సాఫ్ట్‌వేర్‌తో, బీ3ఎల్‌వైపీ అనే ఉజ్జాయింపు పద్ధతిలో, 6-31జీ(డీ) బేసిస్ సెట్‌తో (ఎలక్ట్రాన్ల కక్ష్యలను వర్ణించే గణిత ప్రమేయాల సముదాయం) లెక్కించాను. ఆమ్లపు కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) శిఖరం ల్యాబ్‌లో తరంగ సంఖ్య 1690 సెం.మీ.⁻¹ దగ్గర ఉంటే లెక్కలో 1810 వచ్చింది. ఓర్కా వాడే ర్యామ్‌కు హద్దు పెట్టే మాక్స్‌కోర్ దగ్గర 4000 (మెగాబైట్లు) ఇచ్చినా ల్యాప్‌టాప్ గంటల తరబడి కదలడం లేదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కొనమంటారా?

జవాబు: కొనవద్దు. ఓర్కా ఈ లెక్కను ప్రాసెసర్ కోర్ల మీదే నడుపుతుంది కనుక గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే డబ్బు ఇక్కడ అక్కరకు రాదు. మాక్స్‌కోర్ దగ్గర ఇచ్చే అంకె మొత్తం ర్యామ్ కాదు, ఒక్కో కోర్‌కు దక్కే వాటా. నాలుగు కోర్లకు 4000 చొప్పున మీరు 16 జీబీ అడిగారు. లేని ర్యామ్ కోసం యంత్రం డిస్కు మీద పడి నెమ్మదించింది. 1300 అని మార్చి చూడండి.

ఇక శిఖరాల సంగతి. ఈ లెక్క ప్రతి బంధాన్నీ ఆదర్శమైన స్ప్రింగుగా భావిస్తుంది. నిజమైన బంధం సాగేకొద్దీ సడలుతుంది కాబట్టి లెక్కలో వచ్చే తరంగ సంఖ్యలు ఎక్కువగా ఉంటాయి. దానికి పద్ధతిలోని లోపం కూడా తోడవుతుంది. అందుకే మీరు ఎంచుకున్న పద్ధతికి, బేసిస్ సెట్‌కు సుమారు 0.96తో గుణించడం ఆనవాయితీ. అప్పుడు 1810 కాస్తా 1738 అవుతుంది, ఇంకా 48 మిగులుతుంది. గుణకాన్ని మరికాస్త తగ్గించి ఆ 48ని కూడా సర్దేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, మీ ప్రాజెక్టులో చెప్పదగిన కెమిస్ట్రీ అంతా అందులోనే ఉంది.

మీరు లెక్కించినది శూన్యంలో ఒంటరిగా ఉన్న ఒక్క అణువును. పెల్లెట్‌లోని స్ఫటికపు రేణువుల్లో రెండేసి ఆస్పిరిన్ అణువులు ఎదురెదురుగా నిలిచి, ఒకదాని ఓ-హెచ్ రెండోదాని ఆమ్లపు కార్బొనిల్‌ను పట్టుకునేలా రెండు హైడ్రోజన్ బంధాలతో జతకడతాయి. ఆ పట్టు వల్ల కార్బొనిల్ బంధం కొంత బలహీనపడి శిఖరం కిందికి జారుతుంది. మీ ల్యాబ్ కాగితం మీద 2500 నుంచి 3300 వరకు గుట్టలా పరుచుకున్నది ఈ జతకట్టిన ఓ-హెచ్చే. ఒంటరి అణువు లెక్కలో అది 3500 పైన సన్నని గీతగా కనిపిస్తుంది. ఈ జతలో పాలుపంచుకోని, అణువులోని రెండో కార్బొనిల్ అయిన ఎస్టర్ కార్బొనిల్ ల్యాబ్‌లో 1750 దగ్గరే నిలుస్తుంది.

కాబట్టి జతను లెక్కించండి. అణువులో 21 పరమాణువులకు 57 కంపనాలుంటే, జతలో 42 పరమాణువులకు 120 ఉంటాయి. పని చాలా రెట్లు పెరుగుతుంది, రాత్రంతా వదిలేయాల్సి రావచ్చు. ఫలితంలో రుణాత్మక తరంగ సంఖ్య కనిపిస్తే నిర్మాణం ఇంకా కనిష్ఠ శక్తికి చేరలేదని అర్థం. రెండు ఆమ్లపు కార్బొనిల్‌లూ ఒకేసారి సాగే కంపనంలో డైపోల్ (ధన, రుణ ఆవేశాల ఎడం) మార్పులు పరస్పరం రద్దవుతాయి కనుక అది ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపించదు. ఒకటి సాగుతుంటే మరొకటి కుదించుకునే కంపనాన్నే 1690తో పోల్చాలి.

మన ఓరుగల్లు వానాకాలపు గాలిలో కేబీఆర్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. 3400, 1640 దగ్గర వెడల్పాటి ఉబ్బులుంటే అవి నీటివి కావచ్చు. కేబీఆర్ పొడిని 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, పెల్లెట్ మళ్లీ చేసి తీసిన స్పెక్ట్రమ్‌నే లెక్కతో పోల్చండి.