ఒంటరిగా ఉంటే రాని నత్తి ఫోన్ ఎత్తగానే ఎందుకొస్తుంది?

మీరు గదిలో ఒక్కరే ఉంటే గడగడా మాట్లాడతారు, పాట ఎత్తుకుంటే ఎక్కడా ఆగరు, ఫోన్‌లో సొంత పేరు చెప్పాలంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. "ఇది నరాల లోపమా, నా పిరికితనమా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచి నత్తితోనే ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పిరికితనం అసలే కాదు. నాలుక మందమూ కాదు. మా ఇంట్లో వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించారు. నాలుక కింద కోయిస్తే పోతుందని ఒక పెద్దాయన సలహా కూడా ఇచ్చాడు. నాన్న వినలేదు, బతికిపోయాను. తేడా ఉన్నది నోట్లో కాదు. మాటకు కావలసిన కదలికలను మెదడు వరసగా పేర్చి, సమయానికి వదిలే పద్ధతిలో ఉంది.

నా పేరు 'ప'తో మొదలవుతుంది. 'ప' అనాలంటే పెదాలు మూసుకోవాలి, వెనక గాలి ఒత్తిడి పెరగాలి, పెదాలు విడిపోవాలి, ఆ వెంటనే స్వరతంతువులు కంపించాలి. కన్నుమూసి తెరిచేలోగా ఇదంతా అయిపోవాలి. నాకు మాట ఆగినప్పుడు ఏమవుతుందో అద్దంలో చూశాను. పెదాలు అతుక్కుపోతాయి, దవడ పక్క కండ ఉబ్బుతుంది, గొంతు బిగిసి గాలి కదలదు. ఏం చెప్పాలో తెలుసు. పెదాలను విడిపించే ఆదేశమే అందదు.

2002లో జర్మనీ పరిశోధకులు నత్తి ఉన్న పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, ఎడమవైపు మాట కదలికలను నడిపే ప్రాంతం దగ్గర నరాల తంతువుల అల్లికలో తేడా చూపించారు. మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా కదలికలకు లోపలి నుంచి టైమింగ్ ఇస్తుందని, నత్తిలో అదే సరిగా అందదని ఒక బలమైన వాదన ఉంది. పాటకో బృందగానానికో లయ బయటి నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది ఉండదన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఆన్ స్మిత్ బృందం చేసిన పని. పెదాల కదలికను పరికరాలతో కొలుస్తూ ఒకే మాటను మళ్లీ మళ్లీ చెప్పించారు. తీసుకున్నవి నత్తి వచ్చిన మాటలు కావు, సాఫీగా వచ్చినవే. వాక్యం క్లిష్టమయ్యే కొద్దీ నత్తి ఉన్నవాళ్ల పెదాల కదలిక ఒకసారికీ ఇంకోసారికీ ఎక్కువ తేడా పడింది. మిగతావాళ్లకు అలా కాలేదు. అంటే చెవికి బాగానే వినిపించే మాట వెనక కూడా మన కండరాలు అంచు మీదే నడుస్తుంటాయి. వాక్యం బరువైనా, వినేవాడు బరువైనా చాలు, అంచు దాటేస్తాం. 2021లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధనలో, ఎవరూ వినడం లేదని నమ్మి తమలో తాము మాట్లాడుకున్నప్పుడు పెద్దవాళ్లకు నత్తి దాదాపు రానేలేదు. మీ గది సంగతి అదే. టెన్షన్ నత్తిని పుట్టించదు, ఉన్నదాన్ని పైకి తెస్తుంది.

అందుకే తలుపేసుకుని చేసే ప్రాక్టీసు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మనకు పట్టు చిక్కాల్సింది ఎదుట మనిషి ఉన్నప్పుడు. కండక్టర్‌తో 'కూకట్‌పల్లి' అనలేక మియాపూర్ దాకా టికెట్ తీసుకుని మధ్యలో దిగిన రోజులు నాకున్నాయి. స్పీచ్ థెరపిస్టు నాతో ముందు ఆ తప్పించుకోవడం మాన్పించింది. తర్వాత పెదాలను గట్టిగా నొక్కకుండా తేలిగ్గా తాకించడం, ఆగిపోయినప్పుడు బలవంతాన తోయకుండా అక్కడే బిగువు వదిలి మెల్లగా బయటికి రావడం నేర్పింది. ఈ రెండోది అమెరికన్ స్పీచ్ థెరపిస్టు చార్లెస్ వాన్ రైపర్ పద్ధతి. ఆయనకూ నత్తి ఉండేది. నత్తి పోలేదు. దవడ ఉబ్బడం మాత్రం బాగా తగ్గింది.

పిల్లల్లో సుమారు 5 శాతం మందికి నత్తి వస్తుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక మిగిలేది 1 శాతం లోపే. ఆ మిగిలినవాళ్లకు 'వారంలో మాయం' అనే ప్రకటనలు డబ్బు దండగ. థెరపీకి సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కొంచెం దూరమైనా ఫర్వాలేదంటే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

ఇంటర్వ్యూ ఉంటే మొదట్లోనే "నాకు నత్తి ఉందండీ, ఒక్కోసారి మాట ఆలస్యమవుతుంది" అనేయండి. దాచాలన్న భారం దిగితే గొంతు సగం వదులవుతుంది. వీలైతే వీడియో కాల్ అడగండి. ఉత్త ఫోన్‌లో మనం 'ప' దగ్గర ఆగితే సిగ్నల్ పోయిందనుకుని పెట్టేస్తారు.