మాయా వైలీ ఎందుకు ఓడిపోయారు: క్వీన్స్‌లో ఆవిడ కోసం తిరిగిన అనుభవం

అడిగిన ప్రశ్న ఇది: "మంచి పేరున్న లాయర్ ఒక పెద్ద నగరానికి మేయర్‌గా పోటీ చేసి ఓడిపోవడం దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉన్నారా? చదువు, అనుభవం, పేరు అన్నీ ఉండి కూడా ఎందుకు ఓడిపోతారు?"

నేను చూశాను. 2021లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేసిన మాయా వైలీ కోసం ఆ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో వాలంటీర్‌గా తిరిగాను. "లాయర్ కదా, జనంతో కలవలేకపోయింది" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. డెమొక్రటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టినప్పుడు ఆవిడకి 21 శాతం పైన వచ్చాయి, రెండో స్థానంలో ఉన్నారు. తర్వాతి ప్రాధాన్యాలు కలుపుతూ పోయేసరికి మూడో స్థానానికి జారిపోయారు. ఎందుకు ఓడిపోయారో తెలియాలంటే ఆ జారడం ఎలా జరిగిందో చూడాలి.

ఇండియాలో చదివేవాళ్ల కోసం ఒక మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మేయర్‌ని ఇప్పుడు కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. న్యూయార్క్‌లో ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. బడులు, పోలీసులు, ఏటా 10,000 కోట్ల డాలర్లు దాటే బడ్జెట్, అన్నీ ఆ మనిషి చేతిలో ఉంటాయి. ఊళ్లో డెమొక్రాట్ల బలం ఎంత ఉందంటే, ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవాళ్లే దాదాపు మేయర్ అయిపోయినట్టు. ఆ ఏడాది ప్రైమరీ జూన్ 22న. బ్యాలెట్ మీద 13 మంది పేర్లు.

వైలీ గారు పౌర హక్కుల లాయర్. కొలంబియాలో లా చదివారు. పౌర హక్కుల కేసులు వాదించే సంస్థలు ఏసీఎల్‌యూలో, ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్‌లో పనిచేశారు. మేయర్ బిల్ డి బ్లాసియోకి న్యాయ సలహాదారుగా ఉన్నారు. తర్వాత పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే పౌర సమీక్షా బోర్డుకి అధ్యక్షత వహించారు. తండ్రి జార్జ్ వైలీ పేదల సంక్షేమ హక్కుల కోసం పోరాడిన నాయకుడు. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు ఆయన పడవ మీంచి నీళ్లలో పడి చనిపోయారు. ఆ వయసులో అంత దెబ్బ తిని, జీవితమంతా అదే పని పట్టుకున్న మనిషి అంటే నాకు గౌరవం. ఎవరూ పిలవకుండానే వెళ్లి పేరు రాయించుకున్నాను.

ఇక్కడి ప్రచార నిధుల పద్ధతి నాకు బాగా నచ్చిన విషయం, కాస్త చెప్పాలి. సిటీ నియమాలకి ఒప్పుకున్న మేయర్ అభ్యర్థికి, నగరవాసి ఇచ్చే మొదటి 250 డాలర్ల వరకు ఒకటికి ఎనిమిది చొప్పున సిటీ డబ్బు కలుపుతుంది. మనం 10 డాలర్లు ఇస్తే అది 90 అవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నా ఇవ్వొచ్చు, కానీ నగరంలో ఉండాలి. ఫ్లషింగ్ గణేశ్ గుడి దగ్గర పరిచయమైన తెలుగువాళ్లకి ఇదే చెప్పేదాన్ని. "ఓటు లేదు కదమ్మా, మాకెందుకు ఇవన్నీ" అన్న ఒక అక్క, లెక్క విన్నాక అక్కడే ఫోన్ తీసి 20 డాలర్లు కట్టింది. ఆవిడ హాస్పిటల్ ఉద్యోగి. హెల్త్‌కేర్ ఉద్యోగుల పెద్ద యూనియన్ 1199 అప్పటికే వైలీకి మద్దతు ప్రకటించింది. "మా యూనియన్ ఊరికే చెప్పదులే" అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఓటమి సంగతి. నేను చూసినంతవరకు మూడు విషయాలు కలిశాయి. మూడింటి బరువూ ఒకటి కాదు.

మొదటిది భద్రత. ఆ ఏడాది వసంతంలో ఊళ్లో భయం నిజంగానే ఉంది. మే 8న టైమ్స్ స్క్వేర్‌లో కాల్పులు జరిగి, బొమ్మలు కొనడానికి వచ్చిన నాలుగేళ్ల పాపకి కూడా తూటా తగిలింది. ఆసియా మొహాలున్నవాళ్ల మీద దాడుల వార్తలు వరసగా వస్తున్నాయి. సబ్‌వే ఎక్కాలంటే మా అత్తగారికి టెన్షన్. ఆవిడలాంటి వాళ్ల దగ్గరికి వెళ్లి, పోలీసు బడ్జెట్‌లో 100 కోట్ల డాలర్లు తీసి వేరే సేవలకి పెడతామన్న అభ్యర్థి గురించి చెప్పాలి. మానసిక సమస్యలతో రోడ్డున పడ్డవాళ్ల దగ్గరికి తుపాకీ ఉన్న పోలీసుని కాకుండా శిక్షణ ఉన్నవాళ్లని పంపాలి అని విడమరిచి చెబితే చాలామంది ఒప్పుకునేవాళ్లు. కానీ విడమరిచి చెప్పడానికి గుమ్మం దగ్గర మనకి దొరికేది ఒకటి రెండు నిమిషాలే. ఎదురుగా ఎరిక్ ఆడమ్స్ ఉన్నారు. మాజీ పోలీసు కెప్టెన్, నల్లజాతి మనిషి, చిన్నప్పుడు పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకున్న మనిషి. ఆయన మాట జనానికి ఒక్క వాక్యంలో ఎక్కేది.

లాయర్ అవడం వల్ల నష్టం జరిగిందంటే ఇక్కడ జరిగింది. జూన్ మొదట్లో జరిగిన డిబేట్‌లో ఒక ప్రశ్న వచ్చింది: కాల్పులు పెరుగుతున్న ఈ సమయంలో పోలీసుల దగ్గర తుపాకులు తీసేస్తారా? అలాంటి నిర్ణయం ఒక డిబేట్ వేదిక మీద తీసుకోను అన్నారు వైలీ. ఆలోచించి మాట్లాడే లాయర్ ఇచ్చే జవాబు అది. కోర్టులో పూర్తిగా చూడని విషయం మీద మాట ఇవ్వకపోవడమే సరైన పని. కానీ టీవీ చూస్తున్న మనిషికి "తీసెయ్యను" అనే ఒక్క ముక్క కావాలి. మర్నాడు ఫోన్ల మీద కూర్చుంటే మొదటి పిలుపులోనే "పోలీసుల దగ్గర తుపాకులు లాగేస్తుందటగా మీ ఆవిడ?" అని అడిగారు. ఆవిడ అలా అనలేదు అని చెప్పడంతోనే నిమిషం గడిచిపోయేది. ఇంకేం చెప్తాం.

రెండోది సమయం. ప్రగతిశీల ఓట్లన్నీ చాలాకాలం వైలీ, స్కాట్ స్ట్రింగర్, డయాన్ మొరాలెస్ అనే ముగ్గురు అభ్యర్థుల మధ్య చీలి ఉన్నాయి. ఏప్రిల్ చివర్లో స్ట్రింగర్ మీద ఆరోపణలు వచ్చాయి, ఆయన వాటిని ఖండించారు. అయినా మద్దతు ఇచ్చినవాళ్లు చాలామంది వెనక్కి తగ్గారు. మే చివర్లో మొరాలెస్ ప్రచారం సొంత సిబ్బందితో గొడవల్లో కుదేలైంది. అప్పుడు అందరి చూపూ వైలీ మీదకి మళ్లింది. ప్రగతిశీలుల్లో బాగా పేరున్న ప్రతినిధుల సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ మద్దతు ప్రకటించింది జూన్ 5న. ముందస్తు ఓటింగ్ జూన్ 12న మొదలైపోయింది. ఆ వారంలో వాలంటీర్లు ఎంతమంది పెరిగారో కళ్లారా చూశాను. ఆస్టోరియా వైపు కుర్రాళ్లు గుంపులుగా వచ్చారు, ఆస్టోరియాలో గెలిచాం కూడా. అదే ఊపు నెల ముందు వచ్చి ఉంటే తూర్పు క్వీన్స్‌లో కూడా గడప గడపకీ వెళ్లగలిగేవాళ్లం. మే 10న న్యూయార్క్ టైమ్స్ మద్దతు పోటీలో ఉన్న పారిశుధ్య శాఖ మాజీ కమిషనర్ క్యాథ్రిన్ గార్సియాకి వెళ్లడం కూడా దెబ్బే. పని తెలిసిన మహిళ అనే పేరు ఆవిడకి స్థిరపడిపోయింది.

మూడోదే అన్నిటికన్నా పెద్దది: రెండో ప్రాధాన్యం. న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో ర్యాంకుల పద్ధతి మొదటిసారి వాడింది ఆ ఏడాదే. ఐదుగురి దాకా వరస పెట్టి గుర్తించొచ్చు. అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థిని తీసేసి, వాళ్ల ఓట్లు ఆ ఓటర్లు తర్వాత గుర్తించిన పేరుకి కలుపుతారు. ఇద్దరు మిగిలేదాకా ఇలాగే సాగుతుంది.

పోలింగ్ కేంద్రం గుమ్మానికి 100 అడుగుల లోపల ప్రచారం చేయకూడదు కాబట్టి మేం మూల మీద నిలబడేవాళ్లం. బ్యాలెట్ మీద ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, కొరియన్, బెంగాలీ ఉంటాయి, తెలుగు ఉండదు. గుంటూరు నుంచి వచ్చి పిల్లల దగ్గర స్థిరపడి, పౌరసత్వం తీసుకున్న ఒక పెద్దాయన నా చేతిలో నమూనా బ్యాలెట్ తీసుకుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, ఒక మనిషికి ఐదు ఓట్లేంటి? ఐదూ మీ ఆవిడకే గుద్దితే ఐదు లెక్క కడతారా?"

"లేదు బాబాయిగారూ, ఐదూ ఒకరికే వేసినా ఒకటిగానే లెక్క. మొదటి గడిలో మా ఆవిడకి వెయ్యండి. ఆవిడ పోటీలోంచి పోతే మీ ఓటు ఎవరికి వెళ్లాలో రెండో గడిలో చెప్పండి."

"అంటే పోతుందని మీకే తెలుసా?"

ఈ మాటకి జవాబు చెప్పడం నిజంగా కష్టం. రెండో పేరు అడిగితే మన అభ్యర్థి ఓడిపోతుందని ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. అందుకే చాలామంది ఒక్కరికే వేసి వచ్చేశారు. ఫలానావారికి రెండో ఓటు వెయ్యండి, వాళ్లు తమవాళ్లకి మన పేరు చెప్తారు అనే ఒప్పందమేదీ మా వైపు లేదు.

అటుపక్క అలాంటిది ఒకటి జరిగింది. జూన్ 19న మరో అభ్యర్థి ఆండ్రూ యాంగ్, గార్సియా క్వీన్స్‌లో కలిసి ప్రచారం చేశారు. ఇద్దరి ఫొటోలూ ఉన్న కరపత్రాలు పంచారు. తన రెండో ఓటు గార్సియాకి వెయ్యమని యాంగ్ బాహాటంగా చెప్పారు. గార్సియా తన వాళ్లకి తిరిగి ఆ మాట చెప్పలేదు, అయినా ఆవిడకి కావలసింది అందింది. ఓటేసి బయటికి వస్తున్న ఒక తెలుగు జంట నాతో చెప్పారు: "మేం యాంగ్‌కి వేశామండీ. రెండోది గార్సియాకి వెయ్యమన్నారుగా, వేసేశాం." మూడోది ఎవరికి అని అడిగితే "మీ ఆవిడకే" అన్నారు, నవ్వుతూ. ఆ మూడో ర్యాంకు ఎప్పటికీ లెక్కలోకి రాలేదు.

ఎందుకంటే సరిగ్గా యాంగ్‌ని తీసేసిన రౌండులోనే గార్సియా మమ్మల్ని దాటేశారు. అప్పటికి ఇద్దరి మధ్య తేడా సుమారు 12,000 ఓట్లు. పోలైనవి 9 లక్షల పైన. ఆ రౌండుతో వైలీ పోటీ అయిపోయింది. ఆవిడకున్న రెండున్నర లక్షల పైచిలుకు ఓట్లలో దాదాపు 1,30,000 గార్సియాకి, దాదాపు 50,000 ఆడమ్స్‌కి వెళ్లాయి. మిగతా 74,000 దాకా ఎవరికీ వెళ్లలేదు, ఆ బ్యాలెట్ల మీద ఆ ఇద్దరి పేర్లూ లేవు. చివర్లో ఆడమ్స్ గెలిచింది 7,197 ఓట్లతో. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. గార్సియా నా అభ్యర్థి కాదు. కానీ మా ఓటర్లు అన్ని వేలమందికి ఆఖరి మాట లేకుండా పోయింది.

లెక్కింపు కూడా నరాలు తెంపింది. జూన్ 29న ఎన్నికల బోర్డు ర్యాంకుల ఫలితం విడుదల చేసి, కొన్ని గంటల్లో వెనక్కి తీసుకుంది. పరీక్ష కోసం వాడిన సుమారు 1,35,000 ఉత్తుత్తి బ్యాలెట్లు తీసెయ్యకుండా అసలు ఓట్లతో కలిపేశారట. మా వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రం ఆశ, కోపం, మళ్లీ ఆశ. జూలై మొదటివారంలో తేలిపోయింది.

ప్రశ్న అడిగినవారికి ఇంకో సంగతి ఉపయోగపడుతుంది. 2025 మేయర్ ప్రైమరీలో జోహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ లాండర్ అనే ఇద్దరు అభ్యర్థులు ఓటింగుకి ముందే ఒకరికొకరు మద్దతు ప్రకటించారు. నాకు ఒకటి వెయ్యండి, రెండోది ఆయనకి వెయ్యండి అని ఇద్దరూ కలిసి తిరిగి చెప్పారు. మమ్దానీ మొదటి లెక్కలోనే 43 శాతం దాటారు కాబట్టి ఆయన గెలుపంతా ఆ ఒప్పందం వల్లే అనలేం. కానీ ఈసారి గుమ్మాల దగ్గర "రెండోది ఎవరికి?" అంటే వాలంటీర్ల దగ్గర సిద్ధంగా ఒక పేరుంది. 2021లో మాకు లేనిది అదే.

వైలీ గారు 2022 నుంచి లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ ఆన్ సివిల్ అండ్ హ్యూమన్ రైట్స్ అనే జాతీయ సంస్థకి నాయకత్వం వహిస్తున్నారు, మళ్లీ తన రంగంలోకే వెళ్లారు.

న్యూయార్క్‌లో ఉండి ఇది చదువుతున్న తెలుగువాళ్లకి రెండు ముక్కలు. పౌరసత్వం లేనివాళ్లు నగర ఎన్నికల్లో ఓటేసేలా 2021 డిసెంబర్‌లో కౌన్సిల్ చట్టం చేసింది కానీ, 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కాబట్టి గ్రీన్ కార్డుతో ఓటు లేదు, విరాళం, వాలంటీర్ పని మాత్రం చేయొచ్చు. పౌరసత్వం ఉన్నవాళ్లు ప్రైమరీలో ఓటెయ్యాలంటే ఆ పార్టీలో నమోదై ఉండాలి. పార్టీ మార్చుకోవడానికి గడువు ఆ ఏడాది ఫిబ్రవరి 14తో అయిపోతుంది. జూన్‌లో పోలింగ్ కేంద్రం దాకా వచ్చి, తాము ఏ పార్టీలోనూ లేమని అప్పుడు తెలుసుకుని వెనక్కి వెళ్లిపోయిన మనవాళ్లని చూశాను. ఈ రాత్రే ఎన్నికల బోర్డు సైట్‌లో మీ పేరు, దాని పక్కన పార్టీ చూసుకోండి.