ప్లైవుడ్ పడవ లోపల ఎనామెల్ ఒక్కటే సరిపోతుందా?

భీమిలి దగ్గర తిప్పుకోవడానికి 12 అడుగుల ప్లైవుడ్ పడవ కట్టుకున్నారు, బయట ఫైబర్ వేయించారు, లోపల ప్రైమర్ మీద ఎనామెల్ కొడితే చాలదా అని అడిగారు. చూడ్డానికి చాలుతుంది. నా మొదటి పడవకు నేనూ అదే చేశాను. రెండు వానాకాలాలు నిలిచింది.

దాన్ని చెడగొట్టింది సముద్రం కాదు, వాన. చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పునీళ్లు అంతగా పడవు, మూలల్లో నిలిచిన వాననీళ్లయితే పండగే. ఫ్రేము అడుగు పలకను తాకే చోట పెయింట్ నిగనిగలాడుతూనే ఉంది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే టీలో నానిన రస్కులోకి దిగినట్టు దిగిపోయింది.

రెండో పడవకు తెలివి ఎక్కువై, ఫైబర్ పడవలు బాగుచేసే ఒకాయన దగ్గర మిగిలిన పాలిస్టర్ రెజిన్ తెచ్చి పూశాను. అది చెక్కను ఎపాక్సీలా పట్టుకోదు. ఎపాక్సీ కూడా రెజినే, హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడుతుంది. ఏడాది తిరిగేసరికి పొరలు పొరలుగా లేచింది. మీ బయటి ఫైబర్‌కు ఏ రెజిన్ వాడారో కూడా ఓసారి కనుక్కోండి.

కాబట్టి ఎపాక్సీయే. మన విశాఖ ఉక్కలో వానల నెలలు వదిలేసి జనవరి, ఫిబ్రవరిల్లో, పందిరి నీడలో పెట్టుకోండి. పొద్దున్నే పూస్తే ఎండ ఎక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలు వస్తాయి. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే, చల్లబడే చెక్క రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. మరీ చీకటిపడితే మంచు పట్టుకుంటుంది, జాగ్రత్త.

అసలు పని కోసిన అంచుల్లో ఉంది. ప్లైవుడ్ అంచు అంటే స్ట్రాల కట్టే, ఎంత పోసినా తాగుతుంది. తాగడం ఆపేదాకా పూయండి, ఆ తర్వాతే పలకల మీద మూడు కోట్లు. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఒక చుక్క ఎక్కువ పోయకండి. పాలిస్టర్‌తో చెల్లే అలవాటు ఇక్కడ చెల్లదు, ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. కలిపింది వెంటనే వెడల్పాటి ట్రేలో పోయండి. నేను మగ్గులో వదిలేసి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి పొగలు కక్కుతోంది.

మర్నాడు చేత్తో రాస్తే మైనంలా జారుతుందా? అది థిన్నర్‌తో పోదు. గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో, మామూలు నీళ్లతో కడగండి, ఆరాకే సాండ్‌పేపర్. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి పోయి పెయింట్ ఊడుతుంది.

పెయింట్ మాత్రం తప్పనిసరి, ఎండకు ఎపాక్సీ పాడవుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే టూ-ప్యాక్ పాలీయురెథేన్ పెయింట్ మంచిది. మీ ఎనామెల్ అప్పటికే కొనేశారా? కొన్ని ఎనామెల్‌లు ఎపాక్సీ మీద వారాలైనా బంకబంకగానే ఉంటాయి, ఓ మూల వేసి చూడండి. తెలుపు వద్దు, మధ్యాహ్నం కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది; లేత బూడిద రంగు హాయి. రెజిన్ పూసేటప్పుడు ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ పనికిరాదు.

అన్నట్టు, నీళ్లు వదిలే ప్లగ్ కోసం కొట్టిన రంధ్రం లోపలి అంచుకు ఏమైనా పూశారా? నా రెండో పడవ కుళ్లడం మొదలైంది అక్కడే.