మోర్బీ మీద కవిత రాస్తున్న సునీతకు

చి. సునీతకు ఆశీస్సులు.

నువ్వు పంపిన కవిత రెండుసార్లు చదివాను. మొదటి పాదంలోనే ‘ఉప్పెన’ అన్నావు. ఆ మాట తీసెయ్యమ్మా. ఉప్పెన సముద్రానిది. 1977 నవంబరు 19న దివిసీమలో దాన్ని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. గుజరాత్‌లోని మోర్బీని 1979 ఆగస్టు 11న ముంచింది కట్ట తెగిన నీరు. మచ్ఛు-2 డ్యాంలో నడిమి రాతికట్టడం నిలబడే ఉంది, అటూ ఇటూ ఉన్న మట్టికట్టలు కొట్టుకుపోయాయి. ఇంత వరద వస్తుందని లెక్కవేసి గేట్లు కట్టారు, దానికి దాదాపు మూడింతలు వచ్చిపడింది. నువ్వేమో ‘నదీమతల్లి ఆగ్రహించింది’ అని రాశావు. అలా రాస్తే ఆ లెక్క వేసినవాళ్లు కవితలోంచి జారుకుంటారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన పాదం అదే.

పోయినవాళ్లు ‘వేలాదిమంది’ అని సరిపెట్టావు. ఒకరు 1,800 అంటారు, ఒకరు 25,000 దాకా చెబుతారు. ఈ రెండంకెల మధ్య లెక్కకి అందకుండా పోయినవాళ్లున్నారే, వాళ్ల దగ్గర ఆగు. విచారణ కమిషన్‌ని పని పూర్తికాకముందే ఎత్తేశారు. ఆ మాట కోపంగా అనొద్దు, తన ఇంట్లో ఎవరెవరు పోయారో చెప్పాలని ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్న ఒక్క మనిషిని చూపించు.

ఇంకో సంగతి. అది శ్రావణమాసం, శనివారం మధ్యాహ్నం. రాఖీ పౌర్ణమి వెళ్లి మూడు నాలుగు రోజులే. ఎంతమంది మణికట్లకి ఆ దారాలు ఇంకా ఉండి ఉంటాయో ఆలోచించు. డ్యాం నుంచి ఊరు ఐదారు కిలోమీటర్లే, నీళ్లు వీధుల్లోకి వచ్చేదాకా చాలామందికి కబురే లేదు. నీటి హోరు గురించి ఎనిమిది పాదాలు రాశావు. హోరు ఎక్కడైనా ఒకటేనమ్మా. ఉప్పెన హోరు నాకిప్పుడు సరిగా గుర్తులేదు. గుర్తున్నది మా పెరటి బావి. మర్నాడు అమ్మ చేద వేసి తోడి, నోట్లో పోసుకుని ఉమ్మేసింది. నీళ్లు ఉప్పగా అయిపోయాయి. ఆ చేద అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మోర్బీలో మిగిలింది బురద. బతికి బయటపడ్డ పెద్దవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. గుజరాతీ తెలిసినవాళ్లని తోడు తీసుకుని వెళ్లు. ‘ఆ రోజు ఏమైంది’ అని అడగొద్దు, బురద తీసేటప్పుడు ఏం దొరికిందని అడుగు. చెప్పకపోతే వదిలెయ్యి. చెబితే, అచ్చుకిచ్చే ముందు వాళ్లకి చదివి వినిపించు. వద్దన్న పాదం ఎంత బాగున్నా కొట్టెయ్యి.

వచ్చే ఆదివారం ఇంటికి రా, రాతప్రతి తెచ్చుకో.

మీ మామయ్య